మూడో ఉతుకు

ఎల్లస్వామి కాలు లేవలేదు.

ముందు అది తిమ్మిరే అనుకున్నాడు. ముప్ఫై ఏడేళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు దించి కూర్చునేవాడికి తిమ్మిరి కొత్త చుట్టమేం కాదు. బొటనవేలు కదిలించాలి, నాలుగు గుద్దులు గుద్దుకోవాలి, చీమలు పాకినట్టయి నెత్తురు దిగుతుంది, తొక్కుడు చెక్క మళ్ళీ కాలికి తగులుతుంది. తొడ మీద గుద్దుకున్నాడు. చీమలు పాకలేదు. పచ్చి పుండు మీద కారం రుద్దినట్టు మంట లేచి నడుము దాకా పోయింది. రెండు చేతులూ గుంట అంచుల మీద ఆనించి లేవబోయాడు. మోచేతులు తడిసిన నూలు చిలపల్లా వంగిపోయాయి. బట్ట చుట్టుకునే దూలం పొట్టకు అడ్డంగా ఉంది. వీపు వెనక గోడ ఉంది. కింద గుంట ఉంది. తలుపుకు లోపల్నుంచి గడియ ఉంది. ఆ గడియ పెట్టింది తనే.

ఇవాళ స్వాతి, యాదగిరిగుట్ట నరసింహస్వామి నక్షత్రం. నెలకొకసారి ఈ రోజున ఆలేరులోని ఈ వీధిలో ఆడవాళ్ళు కనిపించరు. పొద్దటి బస్సుకు గుట్టకు పోయి, గుట్ట చుట్టూ నడిచి, పొద్దు గూకాక వస్తారు. భార్య అరుణమ్మ కూడా పోయింది. మగవాళ్ళు నూలు పంచుతున్నారని చేనేత సొసైటీ ముందు వరస కట్టారు. పక్క మగ్గాలన్నీ చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. మిగిలింది ఒక్కటే, ఎదురుగా సైకిల్ షాపులో ఇస్రాయేలు రిమ్ము వంకర తీస్తున్న సుత్తి చప్పుడు. టంగు, టంగు, కాసేపాగి టంగు. గట్టిగా పిలిస్తే పదడుగుల దూరం. ఎల్లస్వామి మనసు ఆ పదడుగుల దాకా పోయి, కాలు కాలినట్టు వెనక్కి వచ్చింది. వాడినా? వాడిని పిలవాలా? ఇంకాసేపు చూద్దాం. తిమ్మిరే. మూడు గంటల గూడ్సు పోయేలోగా దిగిపోతుంది.

రెండెండాకాలాల కిందటి మాట. దారపు కట్టలు, చిలపలు, ముంచిన రంగునీళ్ళు మోరీలో పోసేవాడు. మోరీ పూడి ఆ నీళ్ళు సైకిల్ షాపు ముందు నిలిచేవి, ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా. ఇస్రాయేలు మర్యాదగానే అడిగాడు. "ఎల్లస్వామన్నా, నీ రంగునీళ్ళతోని నా గడప ముందట బురదైతాంది, జర మోరి తీయించరాదే" అన్నాడు. అంతే. ఆ 'అన్నా' అన్న మాటలో ఏం తప్పుందో ఇప్పటికీ తెలియదు. వీధి వీధంతా చూస్తుండగా నోరు లేచింది. "నాకు నువ్వు చెప్పెటోనివా? నీ చేతి నీళ్ళు తాగే రోజొస్తే గీ మగ్గం గుంటల్నే సస్త గని నీ గడప తొక్క, పో!" ఇస్రాయేలు చేతికంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ, ఒక్కో వేలూ తుడుచుకుంటూ, లోపలికి పోయాడు. వాడు తిరిగి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ తుడుచుకోవడం రెండేళ్ళయినా కళ్ళ ముందు నుంచి పోలేదు.

టంగు, టంగు. పెంకుల సందులోంచి దిగిన ఎండ పడుగు మీద పడి, ఎరుపు నుంచి తెల్లటి చిటికీ చుక్కల మీదికి జరుగుతోంది. ఆ వెలుగు అంచు దాకా వచ్చేసరికి మూడవుతుంది. అన్న యాదగిరి పోయినప్పుడు కూడా ఎండ ఇట్లాగే పడుగు మీద ఉంది. పక్క ఇంటి మగ్గం మీద, పగటిపూట, అచ్చు మీద నుదురు ఆనించి కునుకు తీస్తున్నాడనుకున్నారు. పేక ఎర్రపోగు సగంలో ఆగింది. వదినె జొన్నరొట్టె పట్టుకొచ్చి భుజం తట్టింది. యాభై రెండేళ్ళు. ఇప్పుడు తనకూ యాభై రెండే. అన్న దినాలు కాగానే ఛాతీలో ఏదో పట్టేసినట్టయి హైదరాబాదు పెద్ద దవాఖానకు పోయాడు. నెత్తురు తీశారు. కొలెస్ట్రాల్ మూడువందల పన్నెండు. సన్నటి కళ్ళద్దాల డాక్టరు కాగితం మీద గొట్టం బొమ్మ గీసి, గొట్టం లోపల గీతలు గీసి, ఇది కొవ్వు, గోడలకు అంటుకుంటుంది అన్నాడు. కొవ్వు అన్నాడో లేదో, ఎల్లస్వామికి మాత్రం జిగురు అనే వినబడింది. పట్టుదారం మీద ఉంటుందే, ఆ జిగురు. అదైతే తనకు తెలుసు. దానిని వదలగొట్టే పని తను మీసాలు రాకముందు నుంచి చేస్తున్నాడు.

డాక్టరు ఇంకేదో కూడా అన్నాడు. గోళీలు రాసిచ్చి, తలుపు దాకా వచ్చాక వెనక్కి పిలిచి మరీ అన్నాడు. ఏమన్నాడు? ఆ మాట ఇప్పుడెందుకు. ఆ మాట మీద నుంచి మనసును చేత్తో పట్టి పక్కకు లాగాడు.

దస్తగిరి గుర్తొచ్చాడు. హైదరాబాదు నుంచి పట్టు తెచ్చే దస్తగిరి. చైనా పట్టును ఈ వీధికి మొదట తెచ్చింది ఆయనే. తెల్లగా, ఒక్క ముడి లేకుండా, ఆసు పుల్లల చుట్టూ పోస్తుంటే తెగకుండా నీళ్ళలా జారే దారం. మొదట్లో వీధంతా నవ్వింది, చైనావోని దారం మనకెందుకని. ఆర్నెల్లకు అదే కావాలన్నారు. అలాంటి మనిషి నెలన్నర కిందట చేసంచిలోంచి ఒక పొట్లం తీశాడు. లోపల ముదురెర్ర పొడి, ఎండిన పండు ముక్కలు, చూడ్డానికి రేగువొరుగుల్లా. పొట్లం మీద చైనా రాత, మగ్గం మీద చిక్కుపడిన దారంలా. "కలకత్తాల చైనావోళ్ళ మందుల దుకాణం ఉంది కాకా, తాతల నాటిది. నెత్తుర్ల కొవ్వుకు మా అబ్బాజాన్ గిదే తాగుతడు. అన్నం తిన్నంక, రోజుకు ఒక్క చెంచా. ఏమన్న డాక్టరు గోళీలు గిన మింగుతున్నవా? మింగితే దీని జోలికి రాకు, డాక్టర్ని అడుగు ముందుగాల." ఆ మాట అంటున్నప్పుడు గోళీల పట్టీ ఎల్లస్వామి అంగీ జేబులోనే ఉంది. "ఏం లేవు బిడ్డా" అన్నాడు.

అబద్ధం ఎందుకు ఆడాడు? పొట్లం తిరిగి సంచిలోకి పోతుందని. చైనా దారం మోసం చెయ్యలేదు, చైనా మందు ఎందుకు చేస్తుంది? పొడి వేలికి అద్దుకుని చూశాడు. మూడుసార్లు సబ్బుతో కడిగినా రంగు పోలేదు. రంగంటే అది. ఆ రాత్రి పడుకుంటే అంతా తేటగా కనిపించింది, కొత్త డిజైను పడుగు మీద కనిపించినట్టు. జిగురు పట్టుకు రంగు ఎక్కదు. సోడా, సబ్బు వేసి మరగబెట్టి, జిగురంతా పోయి దారం ఒట్టిగా మిగిలాకనే రంగులో ముంచాలి. మరి కడుపు నిండా అన్నం పెట్టుకుని మందు తాగితే? జిగురు పట్టును రంగులో ముంచినట్టే. అన్నం తిన్నంక అన్నాడు దస్తగిరి. దస్తగిరి దారం అమ్ముతాడు గాని రంగు వేస్తాడా! ఒళ్ళు ముందు ఎండాలి. నరసింహస్వామి పేరు మీద నలభై రోజుల మండలం పట్టాడు, ఉపవాసం ఎందుకని ఎవరూ అడక్కుండా. పొద్దు గూకాక గ్లాసుడు మజ్జిగ, రెండు అరటిపండ్లు. మందు మాత్రం పరగడుపున, ఒకటి కాదు, పూటకొకటి చొప్పున మూడు చెంచాలు. రాత్రి డాక్టరు గోళీ. ఒంటి పోగు తెగుతుంది, రెండు పోగులు మెలేస్తే ఏనుగు లాగినా తెగదు. ఇది ఏ డాక్టరుకు తెలుసు?

ముప్ఫై ఎనిమిదో రోజు ఇవాళ. రెండే మిగిలాయి. పంచె ముడి మూడు వేళ్ళు లోపలికి పోయింది. వీధిలో పుల్లమ్మ "ముఖంల కళ వొచ్చింది, స్వామి కనికరించిండు" అన్నది. ఆ మాట విన్న రోజు ఆకలి కూడా తియ్యగా ఉంది. ఇప్పుడు ఆకలే లేదు. ఆకలి పోయిన చోట నోట్లో ఇనుము రుచి ఉంది. తొడలు ముప్ఫయ్యో రోజు నుంచే గుంజుతున్నాయి. తొక్కుడు వల్ల అనుకున్నాడు. ముప్ఫై నాలుగో రోజు పెరట్లో నిలబడి చూసుకుంటే మూత్రం దానిమ్మ తొక్కలు ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది. భయమేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఇంతేనా! రంగు కారుతోంది. కొత్తగా రంగేసిన చిలప మొదటి ఉతుకులో కారదూ? దారం తాగినంత తాగి, మిగిలింది వదిలేస్తుంది. రెండో ఉతుక్కు పలచబడుతుంది, మూడో ఉతుక్కు తేట నీళ్ళు. పెళ్ళైన కొత్తలో అరుణమ్మ ఎర్రనీళ్ళు చూసి చీర పాడైందని ఏడిస్తే తను చెప్పిన మాటే అది. మూడో ఉతుక్కు ఆగకుంటే నన్నడుగు అన్నాడు.

ముప్ఫై ఐదో రోజు ముదురు. ముప్ఫై ఆరు, ఇంకా ముదురు. మూడో ఉతుకు అయిపోయింది. నాలుగోది అయిపోయింది. ఇవాళ పొద్దున పెరట్లో కళ్ళు మూసుకుని పోసుకున్నాడు.

పక్కకు లాగిపెట్టిన మాట తాడు తెంపుకుని వచ్చేసింది. డాక్టరు వెనక్కి పిలిచాడు. కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "తొడల్లో నొప్పులొచ్చినా, మూత్రం రంగు ముదిరినా, గోళీ ఆపేసి ఆ రోజే రావాలి. రేపంటే కుదరదు. కండ కరిగి కిడ్నీల మీద పడుతుంది. అర్థమైందా?" అర్థమైందని తలూపాడు. తలూపడం తేలిక. రంగు కారడం కాదు ఇది. కారుతోంది తన తొడలు. తన కండ. దారం పైనున్న జిగురుతో పాటు దారాన్నే మరగబెట్టేశాడు. రెండు పోగులు మెలేశాననుకున్నాడు, పోగును కాదు, మెడకు ఉరిని మెలేశాడు.

సుత్తి చప్పుడు ఆగింది.

చెప్పుల అడుగులు వీధి దాటి ఇటే వస్తున్నాయి. తలుపు ముందు ఆగాయి. సందులోంచి వచ్చే వెలుగు మనిషి నీడతో రెండుగా చీలింది. "లోపల ఎవలన్న ఉన్నరా?" ఇస్రాయేలే. ఎవరి పేరూ పెట్టకుండా, తలుపుతో మాట్లాడినట్టు. "మగ్గం సప్పుడాగి శానసేపైంది. ఏమన్న తిరకాసా?" ఎల్లస్వామి ఊపిరి బిగబట్టాడు. ఎదురింటి వాడు తన మగ్గం చప్పుడు వింటాడని అతనికి ఎన్నడూ తట్టలేదు. ఒక్క మాట చాలు. ఉన్న అంటే చాలు. కాని తలుపు తీస్తే వాడు చూసేదేమిటి? మగ్గం గుంటలో ఇరుక్కున్న ఎల్లస్వామిని. ఆ రోజు వీధి ముందు తను అరిచిన మాట అక్షరం పొల్లు పోకుండా నిజమై కూర్చున్నదాన్ని. రెండు రోజులే మిగిలాయి. పొద్దు గూకితే అరుణమ్మ వస్తుంది, ఆమె లేపుతుంది, మూడో కంటికి తెలియదు. "మండలం పట్టిండు గద, మౌనమేమో" అని గొణిగి అడుగులు వెనక్కి పోయాయి. వెలుగు మళ్ళీ ఒక్కటైంది. టంగు. టంగు.

మూడు గంటల గూడ్సు వచ్చింది. గోడ అదిరింది, పెంకులు అదిరాయి, బిగిసిన పడుగు వీణ తీగల్లా సన్నగా రొద పెట్టింది. ఆ అదురుకు గుంట అంచు మీద ఆనించిన చెయ్యి జారి, ఎల్లస్వామి పక్కకు ఒరిగిపోయాడు. చెంప నేలకు ఆనింది. అలికిన మట్టి చల్లగా ఉంది. హాయిగా కూడా ఉంది. ఇట్లాగే ఉండిపోతే బాగుండు. అన్న కూడా ఇట్లాగే అనుకున్నాడేమో, అచ్చు మీద నుదురు పెట్టుకుని. ఏళ్ళ తరబడి ఈ గదిలో కూర్చున్నాడు గాని ఇంత కింద నుంచి ఎప్పుడూ చూడలేదు. మంచం కోళ్ళు, వాటికి చుట్టిన పాత గుడ్డలు, ఒక పగిలిన ఆసుపుల్ల, మంచం కింద గోడవారన ఇత్తడి గ్లాసు. అరుణమ్మ గ్లాసు. అడుగున నొక్కు ఉంటుంది, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అది మంచం కింద ఎందుకుంది? దాని అంచు మీద ఎర్రగా ఏదో ఎండి ఉంది. ముదురెరుపు చుట్టు. సబ్బుతో మూడుసార్లు కడిగినా పోని ఎరుపు.

ఎండ ఉన్న చోటనే ఉంది, గది మాత్రం చీకటైంది.

తను మందు మరగబెట్టి తాగి పెట్టిన గిన్నెలో అడుగున పిప్పి మిగిలేది. ఎర్రమడ్డి, ఉడికిన పండు ముక్కలు. పొద్దున లేచి చూస్తే గిన్నె తోమి బోర్లించి ఉండేది. పిప్పి ఎటు పోయిందని అడిగాడా? రంగులోళ్ళ ఇంటి ఆడది రెండో రంగు పారబోస్తుందా! చిలప ముంచి తీశాక మిగిలిన నీళ్ళలో ఇంకో చిలప ముంచితే లేత రంగు వస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె చేసే పని అదే. పిప్పిని మళ్ళీ మరగబెట్టుకుని తాగింది. మొగుడు బతకడానికి తాగుతున్నది తను పారబోస్తే పాపమనుకుంది, లేకపోతే తనూ అంతే రోజులు బతకాలనుకుంది. అడిగితే వద్దంటాడని గ్లాసు మంచం కింద దాచింది. అతను ఒక్క పొద్దుంటే ఆమె కూడా ఒక్క పొద్దే. అతను మజ్జిగ తాగితే ఆమె కూడా మజ్జిగే. ముప్ఫై ఎనిమిది రోజులు.

పొద్దున గడపలో కూర్చుని చెప్పులు తొడుక్కుంది. లేవబోయి ద్వారబంధం పట్టుకుంది. "తొడలు గుంజుతానయయ్యా, ముసలిదాన్నయిన" అని నవ్వింది. "గుట్ట సుట్టు మూడుసార్లు తిరుగుతనని మొక్కిన, నీ పానం బాగుండాలని. తిరుగుతనో లేదో." అప్పుడు తనేమన్నాడు? నాడెలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అన్నాడు. "స్వామి పేరు తల్సుకుంట నడువు, నొప్పులు అవే పోతయ్." ఆమె సంచి భుజానికి తగిలించుకుంది. సంచిలో తడిగుడ్డ చుట్టిన సీసా. అందులో ఎరుపు. ఏదో షర్బత్తనుకున్నాడు. ఉపవాసమున్న మనిషికి షర్బత్తేమిటని కూడా అనుకోలేదు.

ఎండలో నడుస్తోంది. ఖాళీ కడుపుతో, కరుగుతున్న కాళ్ళతో, దాహమైనప్పుడల్లా ఆ సీసా ఎత్తుతూ, అతని పేరు చెప్పి. పొద్దు గూకితే ఆమె వచ్చి లేపుతుందని తనిక్కడ దాక్కున్నాడు.

"తమ్మీ!"

గొంతులోంచి గాలి వచ్చింది గాని మాట రాలేదు. సుత్తి చప్పుడు దాన్ని మింగేసింది. మళ్ళీ అరిచాడు. మళ్ళీ టంగు. పడుగు మీద అందేంత దూరంలో నాడె ఉంది, రెండు కొసలా ఇనుప మొనలతో. వేళ్ళు దాని మీద పడ్డాయి. ముప్ఫై ఏడేళ్ళలో ఆ నాడె లక్షలసార్లు అటు పోయి ఇటే వచ్చింది, మగ్గం దాటి ఒక్కసారీ పోలేదు. ఎల్లస్వామి దాన్ని లాగి తలుపు మీదికి విసిరాడు. పేక దారం పటుక్కున తెగింది. నాడె చెక్కకు తగిలి రాయిలా మోగింది. సుత్తి ఆగింది. ఆ నిశ్శబ్దంలోకి, ఉన్న ఊపిరంతా పెట్టి, రెండేళ్ళుగా నోట రాని మాట విసిరాడు.

"ఇస్రాయేలు తమ్మీ!"

ఈసారి అడుగులు నడవలేదు, ఉరికాయి. తలుపు సందులోకి టైరు తీసే ఇనుప పట్టీ దూరింది. గడియ రెండుసార్లు ఎగిరి మూడోసారి ఊడింది. ఎండ ఒక్కసారిగా గదిలో పడింది.

"ఏందన్నా గిది! ఎప్పటిసంది గిట్లున్నవ్?"

"నన్ను తర్వాత సూడు. గోడకు క్యాలెండరుంది. గుట్ట కింద నిర్మలమ్మ కొబ్బరికాయల దుకాణం. నంబరుంటది దాని మీద. మీ వదినె ఆడనే చెప్పులిడుస్తది. నడవొద్దను. సంచిల సీస ఉంది, ముట్టొద్దను. నీళ్ళు తాగి దవాఖానకు పొమ్మను. ఉరుకు, తమ్మీ."

"సీసల ఏముంది?"

"నా మందు. నన్ను గిట్ల జేసిందే ఆమె గూడ తాగుతాంది."

ఇస్రాయేలు క్యాలెండర్‌ను మేకుతో సహా పీకి, మూలమీది ఎస్టీడీ బూతు వైపు ఉరికాడు.

తలుపు బార్లా తెరిచే ఉంది, అయినా గుంట గుంటే. వీధిలో పోయేవాళ్ళెవరైనా చూస్తారు. చూడనీ. స్వామీ, నలభై రోజుల పుణ్యం నాకొద్దు, ఆమెకియ్యి. కాదు, అది కూడా బేరమే. నువ్వేం ఇవ్వొద్దు, ఆమె దాహమై సీసా మూత తీసేలోపు ఆ దుకాణంలో ఫోను మోగితే చాలు. స్వాతి నాడు జనం, కొబ్బరికాయల చప్పుడు, నిర్మలమ్మకు ఫోను వినబడుతుందా? అరుణమ్మ గుట్ట వెనకవైపుంటే? ఎండ పడుగు అంచు దాటి గోడెక్కింది. తెగిన పేక దారం మెల్లగా ఊగుతోంది. దాన్ని చూస్తూ ఉండిపోయాడు, అది ఆగితే ఏదో అయిపోతుందన్నట్టు.

ఆగకముందే ఇస్రాయేలు వచ్చాడు, రొప్పుతూ, చొక్కా గుండీలు ఊడి. "దొరికింది. చెప్పుల కాడనే ఉన్నదట. ఒక్క సుట్టు తిరిగి, రెండోదానికి లేవబోతే కాళ్ళు రాలేదట. కూసోబెట్టిర్రు."

"సీస?"

"సగముందట. నిర్మలమ్మ గుంజుకోని పారబోసింది. ఆటోల దవాఖానకు తోల్కపోతున్నరు. నీ గురించే అడుగుతాందట, తిన్నవా లేదా అని." ఇస్రాయేలు గుంట పక్కన కూలబడి, దూలాన్ని, గోడను, మధ్యలో మనిషిని చూశాడు. "నా ఒక్కనితోని కాదు నిన్ను తీసుడు. సొసైటీకి కబురు పంపిన, మీవోళ్ళు జీపు తెస్తున్నరు. నీళ్ళన్న తాగు. మీ కుండ యాడుంది?"

వాడి వెనక, గడప బయట, వాడి స్టీలు చెంబు ఉంది. షాపులోంచి తెచ్చి, లోపలికి తేకుండా అక్కడ ఆపాడు. మరిచిపోలేదు వాడు. రెండేళ్ళలో ఒక్క రోజూ మరిచిపోలేదు.

"కుండెందుకు. గా చెంబు తే."

ఇస్రాయేలు లేచి చెంబు తెచ్చాడు. వెంటనే ఇవ్వలేదు. గ్రీజు మరకల చేతుల్లో పట్టుకుని, కాసేపు పైనుంచి చూశాడు.

"గుంటల్నే సస్తన్నవ్ గదనే ఆ రోజు."

"అవు తమ్మీ, అన్న."

"గుంటల్నే ఉన్నవ్. సచ్చుడొక్కటి తక్కువైంది." మోకాళ్ళ మీద వంగి, ఒక చెయ్యి అతని మెడ కింద పెట్టి లేపాడు. "మాట తప్పినా ఏం గాదు, తాగు."

ఎల్లస్వామి నోరు తెరిచాడు.